ఓడలొచ్చాయి సరే, వాటి సోనార్లు ఏవి మంత్రిగారూ?

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. జలాంతర్గాముల వేటకు ఏ ఓడలు కడుతున్నారో, ఏ విమానాలు కొంటున్నారో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అందుకే ఉపోద్ఘాతం వదిలేసి విషయానికి వస్తున్నాం. సభలో అడిగినా, ఉత్తరాల్లో రాసినా "పరిశీలనలో ఉంది" అన్న ముక్క దాటి జవాబు రావడం లేదు. ఇలా పదిమందిలో అడగాల్సి రావడం మాకూ సరదా కాదు.

సోనార్ అంటే నీళ్లలో ధ్వనితో జలాంతర్గామిని పసిగట్టే పరికరం. దాని గురించి అడిగేది ముఖ్యంగా ఒక్కటే. ఓడ వెనక పొడవాటి కేబుల్‌తో ఈడ్చుకెళ్లే సోనార్, అదే టోడ్ అర్రే (నీటిలో వినే మైకుల వరస), మన యుద్ధనౌకల్లో ఇవాళ ఎన్నింటికి ఉంది?

ఐఎన్ఎస్ కమోర్తా 2014 ఆగస్టు 23న విశాఖలో నౌకాదళంలో చేరింది. జలాంతర్గాముల వేటకే పుట్టిన కొర్వెట్ (చిన్న యుద్ధనౌక) అని చెప్పారు. ఒప్పుకుంటాం, ఓడ మంచిదే. సొంత చప్పుడు నీళ్లలోకి పొక్కకుండా గేర్‌బాక్సుల్ని అదురు మింగే రాఫ్ట్ (వేదిక) మీద కూర్చోబెట్టారు. అడుగున హంసా-ఎన్‌జీ సోనార్ పెట్టారు. వెనక ఈడ్చే సోనార్ మాత్రం లేదు, తర్వాత వస్తుందన్నారు. ఆ తర్వాత అదే తరగతి ఓడలు కద్మత్, కిల్తాన్, కవరత్తి కూడా వచ్చాయి. కవరత్తి చేరిందే 2020లో. ఈడ్చే సోనార్ కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో చేపట్టిన 'నాగన్' ప్రాజెక్టు 2012లోనే మూతపడింది. దాని స్థానంలో ఇంకో పేరుతో ఇంకో ప్రాజెక్టు మొదలైంది. ఈలోగా 2014లో జర్మనీ కంపెనీ అట్లాస్ ఎలక్ట్రానిక్‌తో ఒప్పందం కుదిరింది. అది ఆరు ఓడలకు: తల్వార్ తరగతివి మూడు, ఢిల్లీ తరగతివి మూడు. వేటకే కట్టిన కమోర్తా తరగతి ఆ జాబితాలో లేదు! ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టడమంటే ఇదే.

"అడుగున సోనార్ ఉంది కదా" అని మీకు ఎవరైనా సర్దిచెబుతుంటే, వాళ్లను బంగాళాఖాతం గురించి రెండు ప్రశ్నలు అడగండి. నీళ్లలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది గానీ తిన్నగా పోదు. నీటి వేడి ఒక్క డిగ్రీ మారితే వేగం రెండు మూడు మీటర్లు మారుతుంది. ఉప్పదనం మారినా, లోతు మారినా అంతే. వేగం ఎటు తక్కువుంటే ధ్వని అటు వంగుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు బంగాళాఖాతంలో పైపైనే తేలుతుంది. చలికాలంలో ఉత్తర భాగాన ఆ పైనీరు చల్లబడినా, ఉప్పు తక్కువ కాబట్టి కిందికి దిగదు. దాని కింద వెచ్చటి నీరు ఉంటుంది. అప్పుడు ఓడ అడుగునుంచి పంపిన ధ్వని పైకే వంగి పైపొరలోనే తిరుగుతుంది. పొర కింద నక్కిన జలాంతర్గామి చీకట్లో ఉన్నట్టే. ఎండాకాలం మధ్యాహ్నం తంతు వేరు: పైన కొద్ది మీటర్ల నీరు వేడెక్కి, ధ్వని కిందికి వంగిపోయి, కాస్త దూరంలో పైనున్నదే వినబడదు. పొద్దున బాగా పనిచేసిన సోనార్ మధ్యాహ్నానికి పాడైందని సిబ్బందిని తిట్టి లాభం లేదు. ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ వదిలి, ఆ పూట లెక్క వేసుకుని, సోనార్‌నే ఆ పొర కిందికి దించాలి. అడుగున బిగించినదాన్ని ఎలా దించుతారు?

ఈడ్చే సోనార్ వస్తే చాలు అన్నీ తీరిపోతాయని మేం అనడం లేదు. ఓడ మలుపు తిరిగితే వెనక అర్రే వంకర తిరుగుతుంది, అది మళ్లీ తిన్నగా సాగేదాకా దిశలు నమ్మడానికి వీల్లేదు. ఒకే వరస అర్రే అయితే చప్పుడు ఎడమనుంచి వచ్చిందో కుడినుంచి వచ్చిందో చెప్పలేదు. ఓడ దారి మార్చి, ఏ దిశ నిలకడగా నిలుస్తుందో చూసుకోవాలి. వేగం తగ్గిస్తే కేబుల్ లోతుకు జారుతుంది, తీరానికి దగ్గరి తక్కువ లోతు నీళ్లలో అది నేలకు రాసుకునే ప్రమాదం. పైగా మన తీరమంతా వలలు. 2009 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ బే దగ్గర అమెరికా డెస్ట్రాయర్ ఈడ్చుకెళ్తున్న అర్రేను చైనా జలాంతర్గామి ఢీకొట్టింది, ఆ పరికరం దెబ్బతింది. అంటే విడి అర్రేలు, విడి కేబుళ్లు కూడా కావాలి. ఇవన్నీ చేతికొచ్చిన రోజున అబ్బే పనులు కావు, ఏళ్ల సాధన కావాలి. సోనారే లేని ఓడమీద ఏం సాధన చేస్తారు?

"తర్వాత బిగిస్తాం" అన్న మాట ఖరీదు కూడా తెలుసుకోండి. ఓడ వెనక భాగం కోయాలి. కేబుల్ చుట్టే వించ్‌కు పునాది వేయాలి. వెనక పెరిగిన బరువుకు స్థిరత్వం లెక్కలు మళ్లీ కట్టాలి. కరెంటు, చల్లబరిచే ఏర్పాటు, పోరాట నిర్వహణ వ్యవస్థకు కలిపే పని, ఆపైన సముద్రంలో పరీక్షలు. అన్ని నెలలూ ఓడ డాక్‌లో ఉంటుంది, వేటలో ఉండదు.

ఇక హెలికాప్టర్లు. వెనకున్న డెక్, హ్యాంగర్ దేనికో మీకు తెలుసు: నీటిమీద నిలబడి సోనార్‌ను కిందికి దించి, విని, పైకి లాగి, ఇంకోచోటికి ఎగరడానికి. పదహారు సీహాక్ హెలికాప్టర్ల బేరం 2017లో ఎత్తేశారు. 2020లో 24 ఎంహెచ్-60ఆర్‌లకు సంతకం పెట్టారు. మొదటి స్క్వాడ్రన్ కొచ్చిలో మొదలైంది 2024 మార్చిలో. అన్నాళ్లూ 1980ల నాటి సీకింగ్‌లు, కమోవ్‌లే గతి.

జలాంతర్గాముల్ని వెతికే పీ-8ఐ విమానాలు పన్నెండు ఉన్నాయి, వాటికి ధన్యవాదాలు. కానీ విమానం వినదు మంత్రిగారూ, అది వదిలే సోనోబాయ్ వింటుంది. మూడడుగుల గొట్టం, నీళ్లలో పడగానే బ్యాటరీ రాజుకుంటుంది, మైకు ముందే పెట్టిన లోతుకు దిగుతుంది, మహా అయితే ఎనిమిది గంటలు పనిచేసి తనంతట తానే మునిగిపోతుంది. తిరిగి రాదు. పదహారింటిని ఐదేసి నాటికల్ మైళ్ల ఎడంతో వరసగా వేస్తే 75 మైళ్ల గీత. అనుమానం తగిలితే దాని చుట్టూ ఇంకొన్ని వేయాలి, దిశ దూరం తేల్చడానికి ధ్వని పంపే రకం మరికొన్ని. ఒక్క గస్తీలో గంపలు ఖాళీ. 2024 ఆగస్టులో 5.28 కోట్ల డాలర్ల సోనోబాయ్‌ల అమ్మకానికి అమెరికా విదేశాంగ శాఖ పచ్చజెండా ఊపింది. ఇక్కడే తయారుచేస్తామని కూడా విన్నాం. మంచిదే, ఎప్పుడు? ఏడాదికి ఎన్ని?

తీరం దగ్గరి తక్కువ లోతు నీళ్ల వేటకు పదహారు ఓడలకు 2019 ఏప్రిల్‌లో ఒప్పందం చేశారు. మొదటిది 42 నెలల్లో, అంటే 2022 అక్టోబర్‌కు రావాలి. ఆ మొదటి ఓడ అర్నాలా నౌకాదళంలో చేరింది 2025 జూన్‌లో. దీని గురించి ఎక్కువ రాయం, ఓపిక లేదు.

కాబట్టి మనవి: ఏ ఓడ నౌకాదళంలో చేరినా, ఆ రోజు ప్రకటనలో దాని ఈడ్చే సోనార్ బిగించారా, హెలికాప్టర్ కేటాయించారా, టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధాలు) ఎన్ని ఎక్కించారో కాకపోయినా అసలు ఎక్కించారా అన్నది రాయించండి. రహస్యమంటే మీ ఇష్టం, కానీ లేనిదాన్ని రహస్యం అనకండి. విడి అర్రేలకు, సోనోబాయ్‌లకు ఓడల బడ్జెట్‌లో మిగిలితే ఇవ్వడం కాకుండా వేరే పద్దు పెట్టండి. కమోర్తా తరగతి నాలుగింటికీ తేదీ చెప్పండి. ఏదో ఒక తేదీ చెప్పండి.

టార్పెడోల దాకా వచ్చాం గనక అదీ అడిగేస్తాం. మన జలాంతర్గామి కల్వరి 2017 డిసెంబర్‌లో చేరింది. దానికోసం ఎంచిన 98 బ్లాక్ షార్క్ టార్పెడోల కొనుగోలు అంతకుముందే, 2016లో రద్దయింది. 2025 డిసెంబర్ ఆఖరున ఇటలీ కంపెనీతో 48 భారీ టార్పెడోలకు సంతకం పెట్టారు, అవి 2028 నుంచి వస్తాయట. కల్వరి తరగతి ఆరు జలాంతర్గాములకు పంచితే ఒక్కోదానికి ఎనిమిది. ఒక్కోదానికి ఉన్న గొట్టాలు ఆరు, మోయగల ఆయుధాలు పద్దెనిమిది. మిగతా పది చోట్లలో ఏం పెట్టబోతున్నారో సెలవివ్వండి.

ఇట్లు,
తీరప్రాంత పౌరులు