పేట వచ్చేసా, ఉద్యోగం పోయి కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆర్కిటెక్ట్‌ని. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఫర్మ్‌లో ఆరేళ్లు చేసి పోయినేడాది నరసరావుపేట వచ్చేసి ఇక్కడ ఒక సీనియర్ సార్ దగ్గర చేరాను, ఆఫీసంటే సారూ నేనూ ఒక డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడూ అంతే. వచ్చిన దగ్గర్నుంచీ చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, ఉద్యోగం పోయిందా ఏంటి అని. మా అమ్మని గుళ్లో కూడా అడిగారంట. వెనక్కి రావాలని ఉండి కూడా ఈ ప్రశ్నకే భయపడి ఆగిపోయినవాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురున్నారు, వాళ్ల కోసమే ఈ ఉత్తరం.

పోలేదండి, నేనే మానేసా. ఫర్మ్ మీద నాకు కోపం లేదు, డ్రాయింగ్ తప్పుల్లేకుండా ఎలా ఇవ్వాలో అక్కడే నేర్చుకున్నా. కానీ ఆరేళ్లలో నేను ఎక్కువగా గీసింది టవర్లకి పార్కింగూ టాయిలెట్ డిటైల్సూ లిఫ్ట్ లాబీలూ. ఆ ఫ్లాట్లలో ఎవరుంటారో తెలీదు, ఉన్నవాళ్లు నా మొహం చూడరు.

ఇక్కడ మొన్న ఒక సైట్‌కి వెళ్లా. రిటైరైన టీచర్ గారూ ఆయన భార్యా రెండొందల గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నారు. డాబా మీదకి మేస్త్రి అప్పటికే 16 మెట్లకి మార్కింగ్ ఇచ్చేసాడు. స్లాబుతో కలిపి ఎత్తు పదడుగుల అయిదంగుళాలు, అంటే ఒక్కో మెట్టు దాదాపు ఎనిమిదంగుళాలు. ఆమెకి మోకాళ్ల నొప్పులు, ఏటా మిరపకాయలూ వడియాలూ డాబా మీదే ఎండబెట్టుకుంటుంది. నేను అక్కడే ఉన్న ఇటుకలు తెచ్చి ఒకపక్క ఎనిమిదంగుళాల ఎత్తుకీ ఇంకోపక్క ఆరుంపావు ఎత్తుకీ పేర్చి, కింద కదలకుండా ఇసుక సర్ది, ఎక్కి చూడండమ్మా అన్నా. మొదటిదాని మీద గోడ పట్టుకుని ఎక్కింది, రెండోదాని మీద చెయ్యి వదిలేసి ఎక్కింది. ఇట్టా అయితే ఎక్కగల్ను అబ్బాయ్ అంది. 20 మెట్లు చేసాం. రెండు వరసల మెట్లు కాబట్టి వరసకి రెండేసి మెట్లు పెరిగి హాల్లోంచి 20 అంగుళాలు పోయింది, టీచర్ గారు సోఫా ఎక్కడ పడుతుందని కాసేపు బాధపడ్డారు, తర్వాత ఒప్పుకున్నారు. మేస్త్రి తప్పని నేననను, పనిలో ఆయన దిట్ట. ఆమె మోకాళ్ల గురించి ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

మా ఊళ్లల్లో ప్లాన్ అంటే మున్సిపాలిటీ అప్రూవల్‌కి ఇచ్చే కాగితం. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం మాకు ఆర్కిటెక్ట్ అనే పేరుకి రక్షణ ఇచ్చింది గానీ డిజైన్ పని మేమే చెయ్యాలని చెప్పలేదు, 2020లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. కాబట్టి ఎవరినీ మా దగ్గరికి రమ్మని బలవంతపెట్టలేం, నమ్మకం కుదిరితేనే వస్తారు, ఆ నమ్మకం కుదరాలంటే మేం ఊళ్లో ఉండాలి కదా.

పని మాత్రం బోలెడుంది. పల్నాడులో చాలాచోట్ల నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి బీటలిస్తుంది, దాంతోపాటే మామూలు పునాది కదిలి గోడలు పగులుతాయి. జనం ఇటుకనో సిమెంటునో తిడతారు. అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి దిగే కాంక్రీటు పునాది స్తంభాలు, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు ఇలాంటి నేల కోసమే ఎప్పుడో తయారుచేసారు, పదకొండు పన్నెండడుగులు దిగి తేమ పెద్దగా మారని లోతులో పట్టు తీసుకుంటాయి. ఇంజినీర్‌తో నేల చూపించుకుని ఈ మాట పునాది తవ్వకముందు అనుకుంటే ఖర్చు తేలిగ్గా సర్దుకోవచ్చు, గోడ పగిలాక వస్తే మేం చేయగలిగింది తక్కువ. ఇంకోటి ఎలివేషన్ పిచ్చి, అంటే ఇల్లు బయటికి ఎలా కనబడుతుందన్న పిచ్చి. రెంటచింతల ఎండ ఏంటో రాష్ట్రమంతా తెలుసు, ఆ ఎండలో పడమటి గోడకి సజ్జ తీసేసి నిలువునా గాజు పెట్టమంటారు, ఫోన్‌లో హైదరాబాద్ బిల్డింగ్ ఫోటో చూపించి! అలాంటప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది, ఆ గదిలో సాయంత్రం పిల్లలు ఎలా కూర్చుంటారండి.

డబ్బు సంగతి దాచను. జీతం దాదాపు సగమైంది, ఫీజు కూడా మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంది రేటొచ్చాక ఇస్తాం అంటారు, ఇప్పటిదాకా ఎవరూ ఎగ్గొట్టలేదు కానీ నెలలు పడుతుంది. ఈఎంఐలు ఉన్నవాళ్లు ఇది లెక్కేసుకునే రావాలి.

మీకు నా విన్నపం ఒకటే. ఇంటి గురించి మీ పేపర్లో వాస్తు వస్తోంది, రియల్ ఎస్టేట్ యాడ్స్ వస్తున్నాయి. వారానికి ఒక చిన్న కాలమ్ నేల గురించి, మెట్ల గురించి, గాలి ఎటు తోలుతుందో నీడ ఎటు పడుతుందో రాయించండి. వేరే ఎవరూ దొరక్కపోతే నేను రాస్తా, డబ్బులేమీ వద్దు. మొదటిది రేగడి నేల మీద రాసి ఉంచా, అడిగితే పంపిస్తా.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్ట్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా