ఇసే గుడి పాతదా, కొత్తదా?

సంపాదకులకు,

సెలవుల్లో జపాన్ వెళ్లే మన హైదరాబాదీలు ఇసేలోని షింటో (జపాన్ సంప్రదాయ మతం) ఆలయాన్ని ‘వేల ఏళ్ల కట్టడం’ అనుకుంటారు. స్థలం పాతదే, గుడి మాత్రం 2013లో కట్టింది. ఇరవై ఏళ్లకోసారి, పక్కనే ఖాళీగా ఉంచిన జాగాలో కొత్తది కట్టి సూర్యదేవత అమతెరాసును అందులోకి తరలిస్తారు. 690లో మహారాణి జితో హయాంలో మొదలైన ఈ ఆనవాయితీ 15వ శతాబ్దపు యుద్ధాల కాలంలో ఆగిపోయి, వందేళ్లు దాటాక గానీ మళ్లీ మొదలుకాలేదు. తర్వాతిది 2033లో.

హినోకి (జపాన్ సైప్రస్ చెట్టు) కలప స్తంభాలను పునాది రాయి లేకుండా నేరుగా మట్టిలో పాతుతారు, పైకప్పు గడ్డిది. తేమకు మొదళ్లు కుళ్లకుండా ఎలా ఉంటాయి? పాత కలపను మాత్రం పారెయ్యరు. ప్రధాన మందిరాల పెద్ద స్తంభాలు గుడికి వెళ్లే దారిలోని ఉజి వంతెన రెండు కొసల్లో తోరణ ద్వారాలుగా నిలుస్తాయి.

ముందు వెలుపలి ఆలయం గెకూ, తర్వాత లోపలిది నైకూ చూడటం సంప్రదాయం. గెకూలో దారికి ఎడమవైపు, నైకూలో కుడివైపు నడవాలి. దర్శనానికి ముందు చేతులు, నోరు శుద్ధి చేసుకునే నీళ్ల తొట్టి దగ్గరే మనవాళ్లు ఎక్కువగా తడబడతారు. గరిటెకు నోరు తగలకూడదు. ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడిగి, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని పుక్కిలించాలి. చివరికి గరిటెను నిలబెట్టి, మిగిలిన నీటితో కాడ తడపాలి. ఆ నీరు తొట్టిలో పడకూడదు.

సన్నిధిలో రెండు వంగి దండాలు, రెండు చప్పట్లు, మళ్లీ ఒక దండం. ప్రదక్షిణ కుదరదు, చుట్టూ నాలుగు వరసల కంచె. నైకూలో రాతిమెట్లు ఎక్కాక ఫొటోలు నిషిద్ధం, ఫోన్ కిందే జేబులో పెట్టేయండి.

— ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్