2024-25 వార్షిక నివేదిక: ఆదివారం ఫోను తరగతులు

మన కాలనీ సభ్యులందరికీ నమస్కారం.

పార్కు లైట్లు, వాటర్ ట్యాంకు శుభ్రం, వినాయక చవితి పందిరి ఎప్పటిలాగే జరిగాయి. కాలువ పూడిక మాత్రం వానలు మొదలయ్యాక గానీ తీయించలేకపోయాం. అది కార్యవర్గం తప్పే. లెక్కలన్నీ కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడాది కొత్తగా చేసింది ఒక్కటే, కమ్యూనిటీ హాల్లో ఆదివారం సాయంత్రం పెద్దవాళ్లకు ఫోను వాడకం నేర్పే తరగతులు. అందుకే ఈసారి నివేదిక చాలావరకు వాటి గురించే.

వీటికి కారణం పోర్టులో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు. ఆయనకు మనవరాలు ఫేస్‌బుక్ ఖాతా తెరిచి, సింహాచలం కొండ మీద దిగిన ఫొటో పెట్టింది. ఎవడో ఆ ఫొటోతోనే, ఆ పేరుతోనే ఇంకో ఖాతా తెరిచాడు. "అర్జెంటుగా ఇరవై వేలు కావాలి, రేపు సర్దేస్తాను" అని ఆయన స్నేహితులందరికీ మెసేజ్‌లు పెట్టాడు. గాజువాకలో ఉండే ఒక పాత మిత్రుడు డబ్బు పంపకుండా నేరుగా ఫోన్ చేశారు. "ఏట్రా, నలభై ఏళ్లలో టీ డబ్బులు కూడా అడగలేదు, ఇప్పుడు ఇరవై వేలేటి?" అని. అలా బయటపడింది.

మర్నాడు ఆయన ఆఫీసుకొచ్చి "ఈ ఫేస్‌బుక్ తీసేయండి బాబూ" అన్నారు. అసలు ఖాతా తీసేస్తే దొంగ ఖాతా పోదు కదా. ఆ దొంగ ప్రొఫైల్ తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, వేరేవాళ్లలా నటిస్తున్నారని రిపోర్ట్ చేయాలి. స్నేహితుల చేత కూడా చేయించాలి. తర్వాత మన ఫ్రెండ్స్ జాబితా ఇంకెవరికీ కనబడకుండా పెట్టుకోవాలి. ఆ జాబితా చూసే కదా వాడు అందరికీ మెసేజ్‌లు పెట్టింది! 2020 నుంచి మన దేశంలో ప్రొఫైల్‌కి తాళం వేసుకునే సౌకర్యం కూడా ఉంది. ఇవన్నీ ఆయనకు చేసిపెడుతుంటే చుట్టూ మరో ఆరుగురు చేరారు. అదే మొదటి తరగతి అనుకోవచ్చు.

అసలు మొదటి తరగతి మాత్రం బాగా జరగలేదు. నేర్పడానికొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు ప్రొజెక్టర్ పెట్టి గంటసేపు ఇంగ్లిషులో చెప్పారు. పైగా ఎవరికి ఏ డౌటొచ్చినా ఫోను లాక్కుని టకటకా నొక్కేసి "అయిపోయింది అంకుల్" అని చేతిలో పెట్టేశారు. ఏం చేశారో అంకుల్‌కి తెలియదు. రెండో వారం నుంచి నేర్పేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకోవాలని రూలు పెట్టాం. అప్పటినుంచే మనవాళ్ల వేళ్లు కదిలాయి.

"ఫేస్‌బుక్కూ వాట్సాపూ ఒకటేనా?" అని చాలామంది అడిగారు. ఫేస్‌బుక్ 2004లో, వాట్సాప్ 2009లో విడివిడిగా మొదలయ్యాయి. 2014లో వాట్సాప్‌ని ఫేస్‌బుక్కే కొనేసింది. యజమాని ఒకరే అయినా వాడే తీరు వేరు. పబ్లిక్ అని పెట్టిన పోస్టు ఆర్కే బీచ్‌లో మైకు పట్టుకుని చెప్పినట్టు. ఫ్రెండ్స్‌కి మాత్రమే అని పెడితే మన వరండాలో కూర్చుని చెప్పినట్టు. వాట్సాప్‌లో ఒకరికి పంపింది చెవిలో చెప్పినట్టే గానీ, ఆ చెవి గల మనిషి ఫార్వర్డ్ చేయరని గ్యారంటీ లేదు. ఇల్లు తాళం వేసి మూడు రోజులు అరకు వెళ్తున్నామని మైకులో చెప్తామా? ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి.

ఫార్వర్డ్‌ల సంగతి వైజాగ్ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనప్పుడు ఆ రాత్రి మళ్లీ లీకైందని వచ్చిన మెసేజ్‌లకు మనలో కొందరు చంటిపిల్లల్నేసుకుని రోడ్డెక్కారు. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుంటే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. దాన్ని వాట్సాపే ఒకసారికి ఒక్కరికి మించి పంపనివ్వదు. కాలనీ గ్రూపులో మాత్రం ఆ ఒక్కరి వంతూ తప్పకుండా తీర్చుకుంటున్నాం, నాతో సహా.

వాట్సాప్‌కి ఆరంకెల పిన్ పెట్టుకోవడం అందరిచేతా చేయించాం. ఓటీపీ ఎవరైనా లాగేసినా ఈ పిన్ లేకుండా మన నంబరుతో వాళ్ల ఫోన్లో వాట్సాప్ తెరవలేరు. ఒకాయన దాన్ని మర్చిపోతానని గోడ క్యాలెండర్‌లో శ్రీరామనవమి గడిలో రాసుకుని, ఆ క్యాలెండర్ వెనక ఉండగా సెల్ఫీ దిగి గ్రూపులో పెట్టారు. మళ్లీ మార్పించాం.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒక రిటైర్డ్ టీచరు గారిది. పేరు లేకుండా చెప్పమని ఆవిడే అన్నారు. ఆవిడ పేరున వెళ్లిన పార్సిల్లో డ్రగ్స్ దొరికాయని ఫోనొచ్చింది. తర్వాత వీడియో కాల్లో యూనిఫాం వేసుకున్న మనిషి కనబడి, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, కెమెరా ముందునుంచి కదలొద్దు, ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. నాలుగు గంటలు ఆవిడ మంచినీళ్లకు కూడా లేవలేదు. చెప్పిన ఖాతాకి డబ్బు పంపించేశారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. ఏ పోలీసూ వీడియో కాల్లో కేసు మాఫీకి డబ్బడగడు.

డబ్బు కన్నా మమ్మల్ని బాధపెట్టింది, ఆవిడ మూడు రోజులు కూతురికి కూడా చెప్పకపోవడం. "పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నేనే మోసపోయానని ఏ మొహంతో చెప్పను" అన్నారు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేస్తే, డబ్బు ఇంకా చేతులు మారకపోతే బ్యాంకుల చేత ఆపించే వీలుంది. మూడు రోజుల తర్వాత ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. ఆవిడ విషయంలో అదే జరిగింది. అందుకని పిల్లలకు ఒక మనవి: అమ్మానాన్నలు ఇలాంటిది చెప్తే ముందు తిట్టకండి, ముందు 1930 నొక్కండి.

ఆ నంబరు పెద్దక్షరాలతో రాయించి లిఫ్టుల్లో, వాచ్‌మన్ గది దగ్గర అంటించాం. దాని కింద ఇంకో లైను: డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. ఈ లైను రాయమన్నది మన కూరగాయల బండి అతను. పాత సామాను అమ్మబోతే కొంటానన్నవాడు క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమన్నాడట, ఇతను కొట్టలేదట.

వచ్చే ఏడాది తరగతులు దసరా తర్వాత మళ్లీ మొదలవుతాయి. నేర్పడానికి ఓపికున్న పిల్లలు కావాలి, ఇంటర్ చదివేవాళ్లయినా ఫరవాలేదు, చేతులు కట్టుకుని నిలబడగలిగితే చాలు. మొదటి తరగతికి ఎవరో తెచ్చిన తెల్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇంకా ఆఫీసులోనే ఉంది. ఎవరిదో వాళ్లు వచ్చి తీసుకెళ్లగలరు.

కార్యదర్శి