బావకు, స్లీపింగ్ బ్యాగు గురించి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. డిసెంబరులో లంబసింగి, జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచు, వచ్చే వానాకాలం వికారాబాద్ అనంతగిరి కొండలు. మూడింటికీ పనికొచ్చే స్లీపింగ్ బ్యాగు, అదే ఆ దూరి పడుకునే సంచి, ఒక్కటే చెప్పమంటావు. అది తేలిగ్గా ఉండాలి, చవకగానూ ఉండాలి. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలారా? నా మాట విని మన కొండలకు సరిపోయేది ఒకటి కొను, కేదార్‌కంఠకు అద్దెకు తీసుకో. ఎప్పుడో ఒకసారి తొక్కే మంచు కోసం వేలు పోసి కొన్నది మిగతా ఏడాదంతా విజయవాడ ఉక్కలో అటక మీద మగ్గుతుంది.

ముందు ఆ అంకెల సంగతి తేల్చుకుందాం. దుకాణంలో సంచి మీద పెద్ద అక్షరాలతో మైనస్ 10 అని కనబడితే మురిసిపోకు. సంచికి కుట్టిన చిన్న పట్టీ వెతుకు. పరీక్షకు పెట్టిన సరుకైతే దాని మీద ఐఎస్ఓ 23537 అని గానీ, పాతదైతే ఈఎన్ 13537 అని గానీ ఉండి, పక్కన మూడు ఉష్ణోగ్రతలు కనబడతాయి. కంఫర్ట్ అంటే ఆడమనిషి ఒళ్ళు వదులుగా చాపుకుని హాయిగా నిద్రపోగలిగే చలి. లోయర్ లిమిట్ అంటే మగమనిషి ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గట్టెక్కగలిగే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటలపాటు చలికి ప్రాణం పోకుండా ఉంటుందని మాత్రమే. నిద్ర ఊసే లేదు అందులో! పైన గొప్పగా అచ్చువేసే అంకె ఒక్కోసారి ఈ మూడోదే కావచ్చు. చెల్లెమ్మకు కొనేటప్పుడు కంఫర్ట్ తప్ప ఇంకేదీ చూడకు. నీకూ అదే చూడమంటాను. మగాడివే గానీ, ఫ్యాను రెండులో పెడితే దుప్పటి వెతుక్కునే రకానివి నువ్వు.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద నర్సీపట్నంలో చల్లగా హాయిగా ఉందనిపించిన రాత్రి పైన ఒణికిస్తుంది. దానికి తోడు, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుళ్ళు చల్లగాలి బరువెక్కి పల్లంలోకి జారి అక్కడే తిష్ఠ వేస్తుంది. అందుకే గుడారం గుంటలో కాకుండా కాస్త మిట్ట మీద వేయండి. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే, ఒక్కోసారి సున్నా దగ్గరికీ వెళ్తుందంటారు. కంఫర్ట్ ఐదు డిగ్రీలున్న సంచి, లోపల వేసుకునే పలచటి ఉన్ని లైనరు ఒకటి ఉంటే లంబసింగికీ వంజంగికీ చాలు, అటు ఆదిలాబాద్ అడవులకూ చాలు. లైనరు వల్ల ఇంకో లాభం ఉంది. కేదార్‌కంఠలో ఎవరెవరో పడుకున్న అద్దె సంచిలోకి దూరాల్సి వచ్చినప్పుడు నీ గుడ్డ నీకుంటుంది.

ఇక లోపలి సరుకు. బాతుల మెత్తటి ఈకలు నింపినది డౌన్, కృత్రిమ నారతో నింపినది సింథటిక్. వెచ్చదనం ఇచ్చేది ఈకా కాదు, నారా కాదు, వాటి మధ్య చిక్కుకున్న గాలి. దూది కొత్తగా ఏకించిన పరుపుకూ అణిగిపోయిన పాత పరుపుకూ ఉన్న తేడానే ఇక్కడా. ఒకే బరువుకు డౌన్ ఎక్కువ పొంగుతుంది, చుడితే పిడికెడంత అవుతుంది. కానీ తడిసిందా, ముద్దయి కూర్చుంటుంది. లంబసింగి మంచుకు తెల్లారేసరికి గుడారం గుడ్డ లోపలివైపు కూడా నీళ్ళు కారుతుంది, అనంతగిరి వాన సంగతి సరేసరి. పైగా డౌన్‌ను ఉతకడం ఒక యజ్ఞం. ప్రత్యేకమైన సబ్బు కావాలి, ఉండలు విడిపోయేదాకా ఓపిగ్గా ఆరబెట్టాలి. మీ ఊరి గాలిలో అది ఎప్పటికి ఆరాలి? అందుకే నీకు సింథటిక్ అంటున్నాను, తడిసినా అది డౌన్‌లా ముద్దవదు. కొంచెం బరువెక్కువే, మోయి. మన గొర్రెల కాపరులు వానలో గొంగళి కప్పుకుని మంద దగ్గరే పడుకుంటారు చూడు, ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా వదిలిపెట్టదు. ఏ కంపెనీ పట్టీ లేకుండానే వాళ్ళకు తెలిసిన శాస్త్రం అది.

వానాకాలానికి వేరే సంచి అక్కర్లేదు. ఇదే సంచి జిప్పు పూర్తిగా విప్పి దుప్పటిలా కప్పుకో. ఎండాకాలమైతే నూలు దుప్పటి చాలు, ఆ మాటకొస్తే ఎండాకాలం గుడారంలో పడుకోవాలనే ఆలోచనే మానుకో.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను, ఎందుకంటే దీన్ని నువ్వు కచ్చితంగా దాటేస్తావు. సంచి మీద పెట్టే డబ్బులో కొంత కోసి కింద పరిచే చాప మీద పెట్టు. నీ ఒంటి బరువు కింద సంచి నలిగి అందులో గాలి మిగలదు, ఇక నేల నీ వేడిని తెల్లవార్లూ లాగుతూనే ఉంటుంది. చాపల మీద ఆర్ వాల్యూ అని ఉంటుంది, వేడి నేలలోకి పోకుండా చాప ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. మన కొండలకు రెండు, మూడు ఉంటే బాగు. మంచు మీదైతే ఐదు దాకా కావాలి. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆ అంకెలు కలుస్తాయి కూడా. నురగ చాప ఒకటి కొనుక్కుని, అవసరమైనప్పుడు దాని మీద గాలి చాప వేసుకుంటే సరిపోతుంది.

దుకాణంలో మొహమాటపడకు. చెప్పులు విప్పి, సంచి నేల మీద పరిపించి, లోపల దూరి పడుకో. జిప్పు మెడదాకా లాగు. జిప్పు వెనక నిలువునా లావుపాటి గొట్టంలాంటి పట్టీ ఉందా లేదా వేలితో తడిమి చూడు. అది లేకపోతే జిప్పు పళ్ళ సందుల్లోంచి చలి సూదుల్లా దిగుతుంది. జిప్పు రెండుమూడుసార్లు గబగబా పైకీ కిందకీ లాగి, లోపలి గుడ్డ పళ్ళలో ఇరుక్కుంటుందేమో చూడు. అర్ధరాత్రి చిమ్మచీకట్లో లేవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ. తర్వాత సంచికి తలవైపు ఉండే టోపీ తాడు బిగించు. ముక్కూ నోరూ బయట ఉండాలి, ఎంత చలైనా మొహం లోపల దాచుకోకూడదు, ఊపిరి తేమకు సంచి తడుస్తుంది. పాదాల దగ్గర వేళ్ళు కొసకు తగిలితే పొడవు చాలదన్నమాట. మరీ పొడుగైతే ఆ ఖాళీని కూడా నువ్వే వెచ్చబెట్టుకోవాలి.

ఇంటికొచ్చాక దాన్ని ఇరుకు సంచిలో కుక్కి ఉంచకు, పొంగు పోతుంది. వదులైన గుడ్డసంచిలో వేసి బీరువా మీద పెట్టు.

శనివారం నేను ఇక్కడ దుకాణానికి వెళ్తున్నాను. చెల్లెమ్మ ఎత్తు ఎంతో, కుడివైపు తిరిగి పడుకుంటుందో ఎడమవైపో కనుక్కుని రాయి. ఒకరికి కుడి జిప్పు, ఒకరికి ఎడమ జిప్పు ఉన్నవి ఒకే రకంలో తీసుకుంటే రెండూ కలిపి ఒకటిగా చేసుకోవచ్చు. నీ గురక సంగతి తెలిసి ఆవిడ ఒప్పుకుంటుందో లేదో అది కూడా అడుగు.

నీ
బావ