కొత్త కోఆర్డినేటర్‌ను తూచే ముందు

చిరంజీవి అమ్ములుకు, అమ్మ ఆశీస్సులు.

ఈ 2025 సీజన్‌కు దాడి ఆటను నడిపే కోచ్‌గా, అంటే అఫెన్స్ కోఆర్డినేటర్‌గా, బెన్ ఆర్బకిల్ వచ్చాడు కాబట్టి మన ఓక్లహోమా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ఇక పాయింట్ల పంటేనని నువ్వు రాసింది చదివాను. నీ సంబరం నాకూ ఉంది. కానీ ఇంతకు ముందు పనిచేసిన వాషింగ్టన్ స్టేట్‌లో అతని జట్టు చేసిన స్కోర్లు చూసి అతని పద్ధతికి విలువ కట్టకు. 2024లో మన ఓక్లహోమా సంగతే చూడు, 6 గెలిచి 7 ఓడాం. బంతి అందుకునే ముఖ్యమైన రిసీవర్లు గాయాలతో బయటే కూర్చున్నారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ దాన్ని వదిలే లోపే ప్రత్యర్థులు అతని మీద పడుతున్నారు. అతన్ని కాపాడే ముందు వరుసలో, అంటే లైన్‌లో, ఆ అయిదుగురు కుదురుకోకపోతే ఎంత గొప్ప ప్లే (ముందే వేసుకున్న ఎత్తు) అయినా కాగితం మీదే ఉండిపోతుంది.

మన జట్టు ఊరు నార్మన్‌లో ఇలాంటి మలుపు 1999లోనూ వచ్చింది. పాత కోచ్ బ్యారీ స్విట్జర్ కాలంలో విష్‌బోన్ అనే పద్ధతిలో బంతి పట్టుకుని తీసే పరుగులతోనే పేరు తెచ్చుకున్న ఊరికి, బంతి విసరడమే పనిగా పెట్టుకున్న మైక్ లీచ్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు. ఫ్లోరిడాలో డిఫెన్స్ చూసుకునే రోజుల్లో బాబ్ స్టూప్స్‌ను లీచ్ ఉన్న కెంటకీ జట్టు దాడి బాగా ఇబ్బంది పెట్టింది. ఓక్లహోమాకు హెడ్ కోచ్ కాగానే స్టూప్స్ ఆ దాడి నడిపిన మనిషినే పిలిపించుకున్నాడు. నాకు స్టూప్స్ మీద గౌరవం కలిగింది అక్కడే.

లీచ్ దగ్గర ప్లేలు కొద్దే. వాటినే రోజూ సాధన చేయించేవాడు. మెష్ అనే ప్లేనే తీసుకో. ఇద్దరు రిసీవర్లు చెరో వైపు నుంచి మైదానానికి అడ్డంగా, భుజాలు రాసుకునేంత దగ్గరగా పరుగెత్తుతారు. వెంటాడే డిఫెండర్లు ఒకరికొకరు అడ్డుపడి వెనకబడతారు. డిఫెండర్లు మనిషిని వదిలి చోటు కాపలా కాస్తుంటే, ఖాళీ దొరికిన చోట రిసీవర్ ఆగిపోతాడు. ఆ ఖాళీ రిసీవర్‌కూ క్వార్టర్‌బ్యాక్‌కూ ఒకే క్షణంలో కనిపించాలి. అదంతా సాధనతో వచ్చేదే. ముందు వరుస లైన్‌మెన్‌ను కూడా లీచ్ ఎడంగా నిలబెట్టేవాడు. అంచున ఉన్న డిఫెండర్ క్వార్టర్‌బ్యాక్‌ను చేరాలంటే మరింత దూరం పరుగెత్తాల్సి వచ్చేది.

1998లో 5 గెలిచి 6 ఓడిన మన జట్టు, లీచ్ వచ్చిన 1999లో 7 గెలిచి 5 ఓడింది. లీచ్ వెంటనే టెక్సస్ టెక్ జట్టుకు వెళ్లిపోయాడు. అయినా 2000లో అదే పునాది మీద, స్నో కాలేజీ నుంచి తెచ్చుకున్న జాష్ హైపల్ క్వార్టర్‌బ్యాక్‌గా, ఓటమి లేకుండా జాతీయ టైటిల్ గెలిచాం. ఆ హైపలే ఇప్పుడు టెనెసీ జట్టు హెడ్ కోచ్. 2024 సెప్టెంబరులో నార్మన్‌కే వచ్చి మనల్ని ఓడించి వెళ్లాడు, అది నాకింకా మింగుడుపడలేదు.

ఆర్బకిల్ కూడా తన క్వార్టర్‌బ్యాక్ జాన్ మటీర్‌ను వెంట తెచ్చుకున్నాడు. ఈ పద్ధతి భాష తెలిసినవాడు మైదానంలో ఒకడుంటాడు కాబట్టి నాకు కొండంత ధైర్యం. నా భయమల్లా వేగం గురించే. పది గజాలు సాధించడానికి హడావిడిగా విసిరిన మూడు బంతులూ నేలపాలైతే నిమిషంలోపే మన డిఫెన్స్ మళ్లీ మైదానంలోకి రావాలి. ఈసారి ఆ డిఫెన్స్‌ను స్వయంగా నడిపేది మన హెడ్ కోచ్ వెనబుల్స్. ఎప్పుడు నెమ్మదించాలో ఆర్బకిల్‌కు తెలిసి ఉండాలి.

మొదటి ఆటలో చిన్న జట్టు ఇల్లినాయ్ స్టేట్ మీద ఎన్ని పాయింట్లు చేసినా నేను లెక్కలోకి తీసుకోను. సెప్టెంబరు 6న మిషిగన్‌తో ఆడేటప్పుడు, థర్డ్ డౌన్‌లో, అంటే మూడో ప్రయత్నంలో, నాలుగైదు గజాలు కావాల్సి వచ్చిన ప్రతిసారీ బంతి మీద నుంచి కళ్లు తీసి లైన్‌ను చూడు. మటీర్ నిలబడి విసిరాడా, పరుగెత్తుతూ విసిరాడా? ఆ సంగతి నాకు ఉత్తరంలో రాసి పంపు.

వేళకు తిను. ఎండలో స్టేడియానికి వెళితే నీళ్లు మరిచిపోకు.

మీ అమ్మ