మన చేతిలో లేని ఆలస్యానికి మనమెందుకు కట్టాలి?

సంపాదకులు గారికి నమస్కారాలు.

విదేశీ వ్యాపారం గురించి వార్త వచ్చిందంటే చాలావరకు అది సుంకాల గురించే. ఏ దేశం ఎంత పెంచింది, ఎవరు ఎవరి మీద వేశారు అన్నదే చర్చ. కానీ సుంకం ఎంతో సరుకు తెప్పించే ముందే తెలుస్తుంది. దాన్ని ధరలో వేసుకోవచ్చు. చిన్న దిగుమతిదారును, అతని దగ్గర సరుకు తీసుకునే డిస్ట్రిబ్యూటర్‌ను కుంగదీసేది ముందుగా లెక్కకు అందని ఖర్చు. డెమరేజ్, డిటెన్షన్ అని వచ్చే బిల్లులు అలాంటివే. వాటి గురించి నాలుగు మాటలు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఓడ నుంచి దిగిన కంటైనర్‌ను రేవులో కొన్ని రోజులు అదనపు చార్జీ లేకుండా ఉండనిస్తారు. వాటినే ఫ్రీ డేస్ అంటాం. ఆ గడువు దాటినా పెట్టె రేవులోనే ఉంటే పడేది డెమరేజ్. బయటికి తెచ్చుకున్నాక సరుకు దించి, ఖాళీ పెట్టెను షిప్పింగ్ లైన్ (ఓడ కంపెనీ) చెప్పిన యార్డులో సకాలంలో అప్పగించకపోతే పడేది డిటెన్షన్. రోజులు గడిచేకొద్దీ శ్లాబు మారి రోజువారీ రేటు కూడా పెరుగుతుంది. వీటి వెనక ఉద్దేశం మంచిదే. రేవును గోదాముగా వాడుకునేవాళ్లను కదిలించాలి, ఆ పెట్టె మరొకరి ఎగుమతికి అందాలి. అందులో నాకు పేచీ లేదు. తీసుకుందామన్నా తీసుకోలేని రోజులకు, ఇద్దామన్నా ఇవ్వలేని రోజులకు కూడా మీటరు తిరుగుతూ ఉండటమే అన్యాయం.

మాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. సరుకు దించేసి, గడువు ఇంకా ఉండగానే ఖాళీ పెట్టెను యార్డుకు పంపాం. యార్డు నిండిపోయింది, ఈ సైజు పెట్టెలు ఈ రోజు తీసుకోవడం లేదని గేటు దగ్గరే ఆపేశారు. లైన్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఇంకో యార్డుకు వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే, మాకు లైన్ నుంచి మెయిల్ రాలేదు, తీసుకోం అన్నారు. లారీ డ్రైవర్ ఆ రాత్రి క్యాబిన్‌లోనే పడుకున్నాడు. మేము మెయిల్స్ పెడుతూనే ఉన్నాం. చివరికి పెట్టె దిగింది. ఆ తర్వాత తిరిగిన రోజులన్నిటికీ కలిపి డిటెన్షన్ బిల్లు వచ్చింది, దాని మీద లారీ హాల్టింగ్ చార్జీ వేరే. గేటు దగ్గర తిప్పి పంపిన ఆధారాలు చూపిస్తే, మా సిస్టమ్‌లో పెట్టె యార్డు లోపలికి వచ్చిన (గేట్-ఇన్) తేదీ ఇదే, మేమేం చేయలేం అన్నారు. గట్టిగా పోట్లాడదామంటే తర్వాతి కంటైనర్‌ను విడుదల చేయమని లైన్ ఇచ్చే కాగితం, అంటే డెలివరీ ఆర్డర్, ఆగిపోతుంది. పాత బాకీ ఉందంటారు. లోపల ఉన్న సరుకు కోసం డిస్ట్రిబ్యూటర్ రోజూ ఫోన్ చేస్తుంటాడు. ఆ టెన్షన్‌లో ఎవరైనా కట్టేస్తారు. మేమూ కట్టేశాం.

కాగితాల సంగతి ఇంకొకటి. దూరం తక్కువైతే ఓడే ముందు వచ్చేస్తుంది. సరుకు మీద హక్కును చూపే కాగితం, అంటే ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ మాత్రం అమ్మినవాళ్ల బ్యాంకు నుంచి మన బ్యాంకుకు కొరియర్‌లో నింపాదిగా వస్తుంది. అది చేతికి రాకపోతే డెలివరీ ఆర్డర్ ఇవ్వరు, లేదంటే బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. ఇందుకు విరుగుడు లేక కాదు. ఎలక్ట్రానిక్ పత్రాలకు కాగితంతో సమానమైన విలువ ఇచ్చేలా ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం 2017లోనే నమూనా చట్టం తయారుచేసింది. షిప్పింగ్ ఒప్పందాల్లో ఎక్కువగా వాడే ఇంగ్లండ్ చట్టం కూడా 2023లో దీన్ని ఒప్పుకుంది. అయినా మాలాంటి చిన్నవాళ్ల దాకా వచ్చేసరికి ఇంకా కొరియర్ ట్రాకింగ్ నంబరు చూసుకుంటూ కూర్చోవడమే.

మరో చిక్కు కూడా ఉంది. సీఐఎఫ్ పద్ధతిలో, అంటే సరుకు ధరలోనే బీమా, ఓడ కిరాయి కలిపి కొంటే, ఓడ కిరాయి మాట్లాడేది అమ్మకందారు. ఎక్కువ ఫ్రీ డేస్ అడిగి తీసుకోగలిగిందీ అతనే. అవి తక్కువైతే చేతిచమురు వదిలేది మాత్రం ఈ చివర రేవులో ఉన్న కొనుగోలుదారుకు. కిరాయి కాస్త చవగ్గా వచ్చిందని చూసుకుంటారు తప్ప, ఎన్ని ఫ్రీ డేస్ రాయించారని ఆర్డర్ పెట్టేటప్పుడే అడిగేవాళ్లు తక్కువ. డిస్ట్రిబ్యూటర్‌తో రాసుకునే ఒప్పందంలోనూ రేవులో ఆలస్యమైతే ఖర్చు ఎవరిదన్న మాట సాధారణంగా ఉండదు. తర్వాత ఇద్దరూ ఒకరినొకరు నిందించుకుంటారు.

దీన్ని దారిలో పెట్టడం అసాధ్యమేమీ కాదు. అమెరికా 2022లో సముద్ర రవాణా చట్టాన్ని సవరించి, చార్జీ న్యాయమైనదేనని నిరూపించే భారం షిప్పింగ్ లైన్ మీద పెట్టింది. 2024 మే నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం డెమరేజ్, డిటెన్షన్ బిల్లు చార్జీ ఆగిన 30 రోజుల్లోపు పంపాలి. ఫ్రీ డేస్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో, ఏ తేదీలకు ఎంత వేశారో అందులో ఉండాలి. ఆ వివరాలు లేకపోతే కట్టాల్సిన బాధ్యతే లేదు. బిల్లును ప్రశ్నించడానికి కనీసం 30 రోజులు ఇవ్వాలి. ఆ నిబంధనలు వచ్చాయని అక్కడ ఓడలేమీ ఆగిపోలేదు.

ఇలాంటి నిబంధన ప్రతి వాణిజ్య దేశంలోనూ రావాలని నా విన్నపం. అందులో ఒక మాట స్పష్టంగా ఉండాలి: రేవు మూసి ఉన్నా, తీసుకెళ్లడానికి స్లాట్ ఇవ్వకపోయినా, యార్డు ఖాళీ పెట్టెను తిప్పి పంపినా ఆ రోజులు లెక్కలోకి రాకూడదు. తిప్పి పంపిన యార్డు తేదీ, సమయం వేసి చీటీ ఇవ్వాలి. ఆ బిల్లు వివాదంలో ఉండగా వేరే సరుకు డెలివరీ ఆర్డర్‌ను ఆపకూడదు. ఈ చివరిది లేకపోతే మిగతా హక్కులన్నీ కాగితం మీదే ఉంటాయి.

దిగుమతిదారుల సంఘాలు, కస్టమ్స్ బ్రోకర్ల సంఘాలు సుంకాల మీద వినతిపత్రాలు ఇచ్చినంత పట్టుదలతో దీని మీద కూడా ఇవ్వాలి. మీ వాణిజ్య పేజీలో షిప్పింగ్ లైన్లను, రేవు అధికారులను ఈ ప్రశ్నలు నేరుగా అడిగి, వాళ్ల జవాబులు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
దిగుమతి వ్యాపారంలో ఉన్న ఒక పాఠకుడు