సేద్యం చుట్టూ అల్లుకున్న బడి: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఆడిట్ అయిన జమాఖర్చుల పత్రం, పిల్లల హాజరు పట్టిక సర్వసభ్య సమావేశంలో విడిగా ఇస్తున్నాం కాబట్టి వాటిని ఇక్కడ తిరగరాయలేదు. మన సంఘం నడిపే, ఒకటి నుంచి ఐదు తరగతుల ఈ బడిలో ఈ ఏడు ఏ పని ఎలా జరిగింది, అలాంటి పని ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నదే ఈ నివేదిక. అనంతపురం మెట్ట ఊళ్లలో ఇలాంటి బడి పెట్టాలనుకునే పొరుగు సంఘాల వాళ్లు కొలతలు అడుగుతున్నారు. అందుకని అవి వివరంగా ఇచ్చాం.

పని, పాఠం

పోయిన సమావేశంలో కొందరు సభ్యులు సూటిగానే అడిగారు: పిల్లలు ఇంట్లో చేసే పనే బడిలోనూ చేస్తే ఇక బడెందుకని. సబబైన ప్రశ్నే. పేడ ఎత్తడం, కలుపు తీయడం వాటంతట అవి పాఠాలు కావు. అందుకే కార్యవర్గం ఒక నియమం పెట్టింది. కొలత, లెక్క, రాత మూడూ ఉంటేనే ఆ పని పాఠం. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా టీచరు డైరీలో దాన్ని బోధన గంటగా రాయకూడదు. ఆరుబయట పని రోజుకు గంట దాటదు, మార్చి నుంచి ఉదయం తొమ్మిదిన్నరకల్లా ముగుస్తుంది. పంట అమ్మిన డబ్బు బడి ఖర్చుకు వాడం.

ఈ చివరి మాట కొంత వాదన తరవాతే ఖాయమైంది. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీమ్‌లో, పిల్లల చేతిపని ద్వారా బడి ఖర్చు కొంతైనా వెళ్లాలన్న ఆలోచన ఉండేది. ఆ పద్ధతి నుంచి మనం చాలా తీసుకున్నాం, ఇది మాత్రం తీసుకోలేదు. అమ్మకం లెక్కలోకి వచ్చిందంటే పిల్ల ఎంత నేర్చిందన్నది పక్కకు పోయి, ఎంత కోసిందన్నదే మిగులుతుంది. బడి మడిలో పండింది వంటగదికి వెళ్తుంది, మిగిలింది విత్తనానికి.

వాన లెక్క

ఏడాది పొడవునా సాగింది, అందరికన్నా చిన్నపిల్లలు కూడా చేయగలిగింది వాన కొలత. సాధనం ఇంట్లోనే తయారవుతుంది గానీ దాదాపు అందరూ ఒకేచోట తప్పు చేస్తారు. కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా గరాటులా పెట్టి, పక్కన స్కేలు అంటిస్తారు. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి కింది రెండు సెంటీమీటర్ల కొలత తప్పుతుంది. దానికి విరుగుడు తేలికే: అడుగున గులకరాళ్లు వేసి, గుంతలు మునిగేదాకా నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర సున్నా గీత పెట్టాలి. గరాటు నోరు సీసా కంటే వెడల్పుగా ఉంటే ఇంకా పెద్ద చిక్కు. గరాటు 12 సెంటీమీటర్లు, సీసా 9 సెంటీమీటర్లు ఉంటే వాన దాదాపు ఒకటిముప్పావు రెట్లు ఎక్కువ కనబడుతుంది.

పెద్దపిల్లలకు స్కేలు తీసేసి నీళ్లను సిరంజితో కొలిపిస్తున్నాం. నోరు 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గరాటు వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. అంటే 10 మిల్లీమీటర్ల వానకు 78.5 మిల్లీలీటర్ల నీళ్లు చేరతాయి. దశాంశాలు, వైశాల్యం, ఘనపరిమాణం ఈ ఒక్క పనిలోనే వస్తాయి. కొలత రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, వాతావరణ శాఖ కొలిచే వేళకే. మధ్యాహ్నం దాకా వదిలేస్తే ఎండకు ఆవిరైపోతుంది. కొలపాత్రను చెట్టు కిందో గోడ పక్కనో పెట్టకూడదు. దగ్గర్లో ఉన్న అడ్డం ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెట్టింపు దూరం ఉండాలి.

ఆ పట్టికలోనే ఇంకో గడి ఉంది, పదునుది. వాన వెలిసిన మర్నాడు మడిలో గుంత తీసి తేమ ఎంత లోతు దిగిందో బెత్తెల్లో, జానల్లో రాస్తారు, తరవాత సెంటీమీటర్లలోకి మారుస్తారు. ఒకే వానకు ఎర్రనేలలో, గరపనేలలో, చదునుచేసిన బడి ముంగిట్లో పదును వేరువేరుగా దిగుతుంది. ఎందుకన్నది పిల్లలే వాదించుకోవాలి, టీచరు ముందే చెప్పకూడదు.

గోడమీది పట్టికను నెలలవారీగా కాక కార్తెలవారీగా గీశాం. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. ఇంట్లో అవ్వతాతలు మాట్లాడే లెక్క అదే కాబట్టి సాయంత్రం ఇంటికెళ్లి చెప్పుకోడానికి పిల్లలకు వీలవుతుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్న సామెత నిజమో కాదో మన పట్టికతో తేల్చేయొచ్చని పిల్లలకు ఉత్సాహం. దానికి ఒక్క ఏడాది లెక్క చాలదని, పదిహేనేళ్లదైనా కావాలని ఒప్పించడమే ఒక మంచి సైన్సు పాఠమైంది.

పైకప్పు నీళ్లు

ఈ జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ సంగతి సభ్యులకు కొత్త కాదు. తాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నర దాకా అనుమతిస్తారు. అందుకే తాగడానికి, వంటకు కప్పు మీది వాననీళ్లు, కడగడానికి బోరు నీళ్లు అన్న ఏర్పాటు.

లెక్క సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 60 చదరపు మీటర్ల స్లాబు మీద 25 మిల్లీమీటర్లు కురిస్తే 1,500 లీటర్లు, అందులో ఐదో వంతు చిందడానికీ ఆరిపోవడానికీ తీసేస్తే 1,200 లీటర్లు తొట్టిలోకి వస్తాయి. చెడేది మొదటి నీళ్ల దగ్గర. కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్టలు మొదటి మిల్లీమీటరు వానతో కొట్టుకొస్తాయి, వాటిని బయటికి వదలాలి. ఈ కప్పుకు అది 60 లీటర్లు. చాలాచోట్ల మూడడుగుల పొడవు, నాలుగంగుళాల వ్యాసం ఉన్న పైపు బిగించి పని అయిందనుకుంటారు. ఆ పైపులో పట్టేది ఏడెనిమిది లీటర్లు! కాబట్టి మొదటి నీళ్లకు ఒక డ్రమ్మే కావాలి. దాని అడుగున సన్న రంధ్రం ఉండాలి, లేదంటే మళ్లీ వాన వచ్చేసరికి డ్రమ్ము నిండే ఉండి మురికంతా తొట్టిలోకి పోతుంది. తొట్టి మూతకు, పొర్లు గొట్టానికి దోమల జాలీ తప్పనిసరి. కప్పు ఊడ్చే వంతు మే నెలాఖరున తల్లిదండ్రులది, పిల్లల్ని నిచ్చెన ఎక్కనివ్వం.

విత్తనం

విత్తనాల గది ఈ ఏడు నాలుగు, ఐదు తరగతుల గణితానికి ఆయువుపట్టు. మొలక పరీక్షకు నూరు గింజలు తీసుకుని, తడిపిన గోనెపట్ట మీద పది వరసల్లో పదేసి పేర్చి, వదులుగా చుట్టి నీడలో పెడతారు. పట్ట ఆరకూడదు, నీళ్లు కారేలా కూడా ఉండకూడదు. ఎక్కువ తడిస్తే గింజ మొలవక కుళ్లుతుంది, దాన్ని చూసి విత్తనం చెడ్డదని తేల్చేస్తాం. వారం పది రోజుల తరవాత మొలకలు లెక్కిస్తారు. గోనె అంచుల్లో పడిన పెద్ద గింజలే ఏరుకోవడం పిల్లలకు అలవాటు. కళ్లు మూసుకుని తీయమనాలి, నమూనా అంటే అర్థమయ్యేది అప్పుడే.

నూటికి ఎన్ని మొలిచాయో తెలిస్తే విత్తన మోతాదు లెక్క వస్తుంది. గొర్రుతో వేసే కొర్రకు ఎకరాకు రెండు కిలోలు చాలు. అది 75 శాతం మొలిచే విత్తనానికి. 60 శాతమే మొలిస్తే రెండున్నర కిలోలు పోయాలి. అంతరపంట సాళ్లు నిష్పత్తి పాఠానికి పనికొచ్చాయి. కొర్ర ఐదు సాళ్లకు కంది ఒకటి, వేరుశనగ ఏడు సాళ్లకు కంది ఒకటి. జడ్డిగం (గొర్రు మీద విత్తనాలు పోసే గిన్నె) రంధ్రాల్లో ఏది మూయాలో, గొర్రు తిరిగి వచ్చేటప్పుడు లెక్క ఎలా మారుతుందో పలక మీద గీసి చూపించాకే మడిలోకి దిగారు.

నిల్వ దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎండిందో లేదో పంటి కింద కొరికి చూడటం పెద్దవాళ్లకు తెలిసిన విద్య, పిల్లలకు అందదు. వాళ్లకు ఉప్పు పరీక్ష నేర్పాం. పొడి గాజు సీసాలో కొంచెం గింజలు, కొంచెం బాగా ఎండిన ఉప్పు వేసి, మూతపెట్టి కదిలించి, పావుగంట ఆగాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ ఇంకా ఎక్కువుంది, మళ్లీ ఎండబెట్టాలి. తేమ ఉండగానే కుండ మూతికి పేడమట్టి మెత్తితే లోపల బూజు ఖాయం. కందులకు పురుగు నిల్వలో పుట్టిందనుకుంటాం గానీ చాలాసార్లు గుడ్లు చేనులోనే కాయల మీద పడి ఉంటాయి. కాబట్టి ఒకసారి ఎండబెట్టి వదిలేస్తే కాదు, కొన్నాళ్లకు మళ్లీ తీసి ఎండబెట్టి, బూడిద కలిపి పెట్టాలి. వేరుశనగను కాయల్లోనే దాచి, విత్తేముందు ఒలవాలి. ముందే ఒలిస్తే పొర చిట్లి మొలక శాతం పడిపోతుంది.

విత్తనాల గురించి ఊరి అవ్వలకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు. అయినా పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెడితే పాఠం ఉపన్యాసమవుతుంది, పిల్లలు కిటికీలోంచి చూస్తారు. పిల్లలు ముందురోజే మూడు ప్రశ్నలు రాసుకోవడం, అవ్వ చేతిలో చాటో కుండో ఉండటం, నలభై నిమిషాల్లో ముగించడం, ఈ మూడూ కుదిరినరోజు బాగా నడిచింది. ఆ పూటకు గౌరవవేతనం ఇస్తున్నాం, ఉచితసేవగా అడగడం లేదు.

జీవామృతం సంగతి క్లుప్తంగా. ఎకరా మోతాదు 200 లీటర్ల నీళ్లకు పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమట్టి. మన మడి ఐదు సెంట్లు, అంటే ఎకరాలో ఇరవయ్యో వంతు. పది లీటర్ల బకెట్టు చాలు, పేడ అరకిలో, బెల్లం వంద గ్రాములు. ఈ భాగహారం ఐదో తరగతి చేస్తుంది, కలపడం పెద్దలు చేస్తారు. మూత బిగించకుండా గోనె కప్పి నీడలో పెట్టి, పొద్దున సాయంత్రం కలియబెట్టాలి.

మట్టిలోంచి రానివి

దీన్ని దాచిపెట్టి లాభం లేదు. అన్ని పాఠాలూ సేద్యంలోంచి రావు. పెద్ద భాగహారాలు, భిన్నాల కూడికలు, ధారాళంగా చదవడం, ఇంగ్లీషు, ఇవన్నీ విడిగా రోజూ సాధన చేయాల్సినవే. మధ్యాహ్నం రెండు గంటలు వాటికే. ఒకే గదిలో ఐదు తరగతులుంటాయి కాబట్టి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం రూపొందించిన అభ్యసన నిచ్చెన పద్ధతిని అనుసరిస్తున్నాం. ఒక్కో మెట్టుకు కొన్ని కార్డులు, పిల్ల తన మెట్టు దగ్గరి కార్డు తనే తీసుకుంటుంది. టీచరు సాయంతో చేసేవాళ్లు ఒకచోట, తోటివాళ్ల సాయంతో చేసేవాళ్లు ఒకచోట కూర్చుంటారు. ఇందులో కనబడని ప్రమాదం ఒకటుంది. నెమ్మదైన పిల్ల ఒకే మెట్టు మీద వారాల తరబడి ఉండిపోయినా ఎవరికీ తెలియదు. పది పనిరోజులు కదలని పేరుకు ఎర్రచుక్క పెట్టి, టీచరు పక్కనే కూర్చుని చేయించాలన్నది ఈ ఏడు నుంచి నియమం.

ఆరో తరగతికి జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లే పిల్లలు అక్కడ ఇంగ్లీషు మీడియంలో కూర్చుంటారు. ఐదో తరగతి రెండో సగంలో పరిసరాల విజ్ఞానం మాటలు రెండు భాషల్లోనూ రాయిస్తున్నాం. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ఎలాగూ ఒకపక్క తెలుగు, ఒకపక్క ఇంగ్లీషుతోనే వస్తున్నాయి. జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన పచ్చసాలెలో చేతివృత్తులతోపాటు మామూలు పాఠ్యాంశాలూ చెప్పారు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనే వాదన మనకూ పనికిరాదు.

గుర్తింపు, చట్టం

గుర్తింపు పత్రం లేకుండా బడి నడపడం 2009 విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం నేరం. జరిమానా లక్ష రూపాయల దాకా, ఆ తరవాత కూడా నడిపితే రోజుకు పదివేల దాకా. కొత్తగా మొదలుపెట్టే సంఘాలు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు, అరవైమంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చట్టం అడిగే కనీసం. పొలంలో గడిపిన గంట బోధన గంటగా నిలవాలంటే పని పుస్తకంలో రాత ఉండాలి. పైన చెప్పిన కొలత, లెక్క, రాత నియమానికి ఇదొక అసలు కారణం. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది రిజిస్టరునే, మడిని కాదు.

మధ్యలో చదువు ఆగిపోయిన పెద్దపిల్లలకు సాయంత్రం తరగతులున్నాయి. వాళ్లు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి రాయొచ్చు. వయసు పద్నాలుగు నిండాలి, ఐదు సబ్జెక్టులు చాలు, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. ఈ తొమ్మిది అవకాశాల మాట వినగానే పిల్లలు వాయిదా వేస్తారు. కాబట్టి మొదటిసారే ఐదూ రాయించకుండా, తయారైన రెండు సబ్జెక్టులు రాయించి మిగతావి తరవాతి పరీక్షకు పెట్టడం మేలని టీచర్ల అభిప్రాయం.

వచ్చే ఏడు

చెనక్కాయ (వేరుశనగ) కోతల్లో హాజరు పడిపోవడం ఏటా ఉన్నదే. దసరా సెలవులను కోతకు కలిపేలా ముందుకో వెనక్కో జరపాలని ప్రతిపాదన వచ్చింది. 200 రోజుల లెక్క తప్పనంత వరకు సంఘం ఒప్పుకుంటుంది, తేదీలను ఆగస్టు సమావేశంలో నిర్ణయిద్దాం. పిల్లల్ని బడివేళ పొలానికి పంపడం మాత్రం ఏ నెలలోనూ ఒప్పుకోం.

వంటగదికి పొగలేని పొయ్యి, రెండో నీళ్లతొట్టి కావాలి. రెండింటికీ డబ్బు చాలదు కాబట్టి తొట్టి ముందు. కొర్ర, కంది, అనుము విత్తనాలు ఇవ్వదలచినవాళ్లు రోహిణి కార్తె మొదలవకముందే తెచ్చివ్వండి. మృగశిరకు ముందు మొలక పరీక్షకు పది రోజులు కావాలి. సంచి మీద పంట పేరు, కోసిన నెల, ఏ పొలంలోదో రాయండి. ఊరూ పేరూ లేని విత్తనం విత్తనాల గదిలోకి తీసుకోం, వంటకైతే సరే.